శంకరం అని రాయాల్సిన చోట

1989లో మా చెల్లి పెళ్ళి. శుభలేఖలు అచ్చు వేయించే పని నాన్న నాకప్పగించాడు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. విశాఖపట్నంలో ఒక కంపెనీ లెక్కల విభాగంలో చేరి ఎనిమిది నెలలైంది. 400 కార్డులు కొట్టించి, కట్టలు కట్టించుకుని, శనివారం సాయంత్రం ఇంటికి తెచ్చాను. ఆడవాళ్ళు పసుపు కలిపి కూర్చున్నారు. నాన్న కళ్ళజోడు తుడుచుకుని ఒక కార్డు తీశాడు. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటి నుంచీ చదివాడు.

"ఊరి పేరేదిరా?"

"ఉంది కదా నాన్నా. మా స్వగృహము, అనకాపల్లి."

"అది మనం బెల్లం అమ్ముకునే ఊరు. మన ఊరేది?"

"శంకరం అంటే ఎవరికి తెలుస్తుంది నాన్నా?" అన్నాను.

ఆయన మరి మాట్లాడలేదు. అన్నం తిన్నాక అరుగు మీద చాప వేయించుకున్నాడు. కరెంటు లేదు, లాంతరు దగ్గరికి లాక్కుని, చొక్కా జేబులోని నీలం పెన్ను తీసి మొదటి కార్డు మీద 'అనకాపల్లి'కి ముందున్న కాస్త ఖాళీలో 'శంకరం' అని రాశాడు. రెండో కార్డు. మూడోది. నాన్న చదివింది అయిదో తరగతి. అక్షరం అక్షరానికీ పెన్ను ఎత్తి, ఊపిరి బిగపట్టి రాసేవాడు. శంకరంలో రెండు సున్నాలుంటాయి. ఆ రెంటినీ ఆయన గుండ్రంగా, మిగతా అక్షరాలకంటే పెద్దగా చుట్టేవాడు. పసుపు ఇంకా ఆరని చోట సిరా పాకి సున్నా ఆకుపచ్చగా అయ్యేది. అటువంటి కార్డుని పక్కన పెట్టి, ఆరాక మళ్ళీ దిద్దేవాడు. నేను గదిలో పడుకుని కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. లేచి వెళ్ళి "ఇటివ్వు నాన్నా, సగం నేను రాస్తాను" అని ఉండాల్సింది. అనలేదు. తెల్లవారి చూస్తే కట్టలన్నీ అరుగు మీద వరసగా పేర్చి ఉన్నాయి.

అప్పటికే ఒక నలభై కార్డులు విశాఖపట్నంలోనే పోస్టులో వేసేశాను. ఆ సంగతి నాన్నకి చెప్పలేదు. పెళ్ళికొడుకు మేనమామ వరసాయన, ఆయన భార్య, ఇద్దరూ పెద్దవాళ్ళు, ఆ కార్డు పట్టుకుని రాత్రి బండికి అనకాపల్లి స్టేషన్లో దిగారు. పెళ్ళివారిల్లెక్కడని నెహ్రూ చౌక్ దాకా అడుగుకుంటూ వచ్చారట. అన్ని వీధులున్న ఊళ్ళో ఆ రాత్రి ఎన్ని పెళ్ళిళ్ళో! రెండు పెళ్ళిపందిళ్ళలోకి వెళ్ళి, మనది కాదని తెలుసుకుని బయటికొచ్చారు. తెల్లారి ఎవరో బెల్లం బండి తోలుకొచ్చిన మా ఊరతను గుర్తుపట్టి ఎక్కించుకొస్తే, తలంబ్రాలు కూడా అయిపోయాక పందిట్లో అడుగుపెట్టారు. నాన్న వాళ్ళ కాళ్ళకి నీళ్ళిచ్చి, తప్పు తనదేనని చెప్పి క్షమాపణ అడిగాడు. నేను స్తంభం చాటున నిలబడ్డాను.

మా శంకరం అనకాపల్లికి మూడు కిలోమీటర్లు. టౌనూ కాదు, టౌనుకి దూరమూ కాదు. మాది పంచాయతీ. ఇంటిపన్ను పంచాయతీకి కట్టేవాళ్ళం. తక్కిన బతుకంతా అనకాపల్లిలోనే. ఆసుపత్రి, కాలేజీ, సినిమా, బట్టలకొట్టు, రైలు, నూకాలమ్మ గుడి, కొత్త అమావాస్య జాతర అన్నీ అక్కడే. కాలేజీలో పేరూ ఊరూ చెప్పమన్నప్పుడు మొదటిసారి "శంకరం" అన్నాను. వెనక బెంచీలోంచి "ఏ శంకరం? ఎవరాయన?" అని ఎవరో అడిగారు. తరగతంతా నవ్వింది. మర్నాటి నుంచి నేను అనకాపల్లి వాణ్ణి. విశాఖపట్నం వెళ్ళాక ఉత్తరాల మీద కూడా అనకాపల్లే. ఇంకొన్నాళ్ళకి హైదరాబాదు మీటింగులకి వెళ్తే అక్కడ విశాఖపట్నం వాణ్ణి. ఊరు దాటిన కొద్దీ పెద్ద పేరు తొడుక్కోవడం అలవాటైపోయింది. అందులో తప్పుందని ఎవరైనా అంటే, "వాళ్ళకి అర్థమవ్వాలి కదా" అనేవాణ్ణి.

నాకు వంతపాడే సాక్ష్యం ఒకటి ఉండేది, బెల్లం. అనకాపల్లి బెల్లం అని దేశమంతా పేరు. ఆ మార్కెట్లో దిగే దిమ్మల్లో ఎన్ని అనకాపల్లి వీధుల్లో వండినవి? మా ఊరిది, తుమ్మపాలది, మునగపాకది, కశింకోటది, శారదా నది రెండు గట్ల మీదా ఎక్కడ చెరుకుంటే అక్కడి నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవి. కొలగారంలో, అంటే బెల్లం అమ్మే చోట, దించాక రంగును బట్టి వేలంపాట. దిమ్మ మీద ఏ ఊరి పేరూ ఉండదు. మన బెల్లమే అనకాపల్లి బెల్లమైతే మనం అనకాపల్లి వాళ్ళం ఎందుకు కామని ఒకసారి నాన్నతో వాదించాను. పెనం కింద మంట ఎగదోస్తున్నాడాయన. పాకం పొంగు మీదుంది. కళ్ళు దాని మీద నుంచి తిప్పకుండానే, "సరుక్కి సంత పేరుంటాదిరా. మడిసికి ఊరి పేరుంటాది" అన్నాడు. గరిటె ఎత్తి, పాకం చుక్క నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి చూసుకుని, పెనం దించమని కేకేశాడు. నా వాదం అంతటితో ఆగింది గాని నా అలవాటు ఆగలేదు.

ఇప్పుడు చెప్పబోయేది అంతకంటే పెద్ద తప్పు.

1996లో మా ఆఫీసుకి ఒక పెద్దాయన బదిలీ మీద వచ్చారు. మహారాష్ట్ర మనిషి, బౌద్ధులు. వచ్చిన వారంలోనే నా బల్ల దగ్గరికొచ్చి, "మీది అనకాపల్లి కదా, అక్కడి శంకరం మీకు తెలుసా? ఎలా వెళ్ళాలి?" అని అడిగారు. ఆయన నోట మా ఊరి పేరు వినగానే నా గుండె ఝల్లుమంది. మా ఊరు అని అనడానికి నోరు తెరిచాను కూడా. ఇన్నాళ్ళూ అందరికీ అనకాపల్లి అని చెప్పుకున్నవాణ్ణి, ఇప్పుడు ఊరు మార్చి చెబితే ఏమనుకుంటారో అనిపించింది. "విన్నానండి. దగ్గరే. కనుక్కుని తీసుకెళ్తాను" అన్నాను.

కనుక్కుని! నేను పుట్టిన ఊరికి దారి.

ఆ ఆదివారం ఆయన్నీ ఆయన భార్యనీ తీసుకుని వెళ్ళాను. దారంతా ఆయనే చెప్పారు, నేను విన్నాను. శంకరం అంటే శివుడి పేరు అనుకుంటారేమో, కాదు, సంఘారామం అన్నారు. భిక్షువులు సంఘంగా ఉండే విహారం. సంఘారామమే జనం నోళ్ళలో నలిగి నలిగి శంకరమైంది. బుద్ధుడి కొండ బొజ్జన్నకొండ అయింది. పక్కన పడమటి గుట్ట మీద రాతిలో తొలిచిన చిన్న చిన్న స్తూపాలు వరసలు వరసలుగా లింగాల్లా కనిపిస్తే జనం దాన్ని లింగాలకొండ అన్నారు. సుమారు నాలుగో శతాబ్దం నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం వెలిగిందని, 1907-08 ప్రాంతంలో పురావస్తు శాఖ తరఫున అలెగ్జాండర్ రీ అనే ఆయన తవ్వకాలు జరిపితే సముద్రగుప్తుడి బంగారు నాణెం, శాతవాహనుల సీసపు నాణెం, తూర్పు చాళుక్యుల రాగి నాణేలు, మట్టి ముద్రలు బయటపడ్డాయని చెప్పారు. సముద్రగుప్తుడి నాణెం మా ఊరి మట్టిలో! నేను గోళీలాడిన మట్టి అది.

కొండ కింద చెప్పులు విడిచి వాళ్ళిద్దరూ మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కుతున్నారు. గుహ దగ్గర ఆయన చెయ్యి రాతి ద్వారం మీద ఆనించి కాసేపు కదల్లేదు. లోపల స్తంభాల మధ్య, కొండనే చెక్కి నిలబెట్టిన స్తూపం. చిన్నప్పుడు ఆ స్తంభాల చుట్టూ మేం దొంగాట ఆడేవాళ్ళం. ఇంకా పైన పెద్ద స్తూపం, అడుగు భాగం రాయి, పైన ఇటుక. దాని చుట్టూ అదే కొండరాతిలోంచి పొడుచుకొచ్చిన పిల్ల స్తూపాలు. ఆవిడ కళ్ళు ఒత్తుకుంటూ ప్రదక్షిణ చేశారు. పరాయి రాష్ట్రం నుంచి వచ్చిన ఇద్దరు మా కొండ మీద ఏడుస్తుంటే, ఊరివాణ్ణి నేను వాళ్ళకి దారి తెలియనట్టు వెనక వెనక నడుస్తున్నాను.

దిగి వస్తుంటే మా పెద్దమ్మ ఎదురైంది. నెత్తిన గడ్డిమోపు. మోపు కింద నుంచి తల పక్కకి తిప్పి చూసి, "ఏటిరా గుంటడా, ఎప్పుడొచ్చేవు? ఇంటికి రాకుండా కొండెక్కేసేవేటి? మీ నాన్నకి తెలుసా నువ్వొచ్చేవని?" అంది. ఆయనకి తెలుగు అంతంత మాత్రమే. కానీ ఆ పలకరింపు అర్థం కావడానికి భాష ఎందుకు? నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, ఎగతాళీ లేదు. "ఇది మీ ఊరా?" అన్నారు మెల్లిగా. అవునన్నాను. "ఇంత గొప్ప ఊరిని ఎందుకు దాచారు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పెద్దమ్మకి నమస్కారం పెట్టారు. గడ్డిమోపు ఒక చేత్తో పట్టుకుని ఆవిడ రెండో చెయ్యి ఎత్తింది. ఇద్దరినీ ఇంటికి తీసుకెళ్ళి మజ్జిగ ఇచ్చింది.

మారిపోయాననుకున్నాను. నిజానికి ఒక తప్పులోంచి ఇంకో తప్పులోకి వెళ్ళాను.

ఆ తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివాను. సెలవు దొరికితే బావికొండ, తొట్లకొండ, సాలిహుండం, ఎలమంచిలి వైపు కొత్తూరు ధనదిబ్బలు అన్నీ తిరిగాను. ఎవరితోనైనా "మాది శంకరం" అని ముందుగా చెప్పడం మొదలుపెట్టాను. అయితే నేను చెప్పే శంకరంలో మనుషులు లేరు. స్తూపాలున్నాయి, నాణేలున్నాయి, భిక్షువులున్నారు. గడ్డిమోపులు లేవు, బెల్లం పెనాలు లేవు. వెయ్యేళ్ళ కింద వెళ్ళిపోయినవాళ్ళు మా ఊరి గొప్పవాళ్ళు, ఇప్పుడున్నవాళ్ళు ఆ గొప్పతనం తెలియని అజ్ఞానులు. లోపల నా లెక్క అది.

కనుమ నాడు ఆ లెక్క బయటపడింది. మా కొండకి ఏటా కనుమ తీర్థం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వస్తారు. ఏడాదంతా మేం టౌనుకి వెళ్తాం, ఆ ఒక్కరోజు టౌను మా దగ్గరికి వస్తుంది. జీళ్ళు, చెరుకు ముక్కలు, గాజులు, రంగులరాట్నం. అప్పట్లో ఇంకొకటి కూడా ఉండేది. కొండ మీద బొజ్జలా ఉబ్బెత్తుగా ఉన్న రాతిని బొజ్జన్న అనే రాక్షసుడనుకుని జనం రాళ్ళతో కొట్టేవాళ్ళు. కొడితే చెడు పోతుందని నమ్మకం. చిన్నప్పుడు నేనూ కొట్టాను. నిక్కరు జేబుల్లో రాళ్ళు నింపుకుని పోటీ పడి విసిరాను. తగిలినప్పుడు వచ్చే ఆ ఠంగుమన్న చప్పుడు నాకింకా గుర్తే.

2004 కనుమకి ఆ రాళ్ళు ఆపించాలని వెళ్ళాను. ఆపించడం తప్పు కాదు. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ వాళ్ళు, బౌద్ధ సంఘాల వాళ్ళు జనానికి నచ్చజెప్పే మాన్పించారు ఆ అలవాటుని. నేను చేసింది నచ్చజెప్పడం కాదు. మెట్ల మీద నిలబడి, నా ఊరివాళ్ళని, నన్ను ఎత్తుకుని తిప్పినవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టాను. మూర్ఖులన్నాను. మీ చేతుల్లో పడ్డందుకు బుద్ధుడికి ఇంత గతి పట్టిందన్నాను. ఒక కుర్రాడి చేతిలోని రాయి లాక్కుని వాడి కాళ్ళ దగ్గర నేలకేసి కొట్టాను. వాడు బెదిరి వాళ్ళమ్మ వెనక్కి పోయాడు.

ఇంటికొచ్చేసరికి కబురు నాకంటే ముందొచ్చింది. మామ్మకి అప్పటికి ఎనభై అయిదు దాటాయి. గుమ్మంలో నులకమంచం మీద కూర్చుని ఉంది. చేత్తో తడిమి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నానూ ఇసిరేనురా సిన్నప్పుడు" అంది. "తెలీక ఇసిరేను. తెలిస్తే దండం ఎట్టేదాన్ని. నువ్వు తెలిసీ ఊరు నీది కాదన్నావంట గదా ఆ పెద్దమడిసితోటి. ఎవుల రాయి గట్టిగా తగిలుంటాది బాబూ?"

ఎనిమిదేళ్ళ నాటి సంగతి. పెద్దమ్మ చెప్పి ఉంటుంది. ఇంట్లో అందరికీ తెలిసి, ఎవరూ నాతో అనలేదు ఇన్నాళ్ళూ.

ఆ రాత్రి నిద్ర పట్టక కొండ వైపు నడిచాను. తీర్థం సర్దుకుని వెళ్ళిపోయిన చోట చెరుకు పిప్పి, కాగితాలు. అప్పుడు తోచింది నాకు ఆ ఆలోచన. బావికొండకి ఆ పేరు కొండ మీది బావుల వల్ల, తొట్లకొండకి రాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల. చూసినవాళ్ళు కంటికి కనిపించినదాన్ని బట్టి పెట్టుకున్న పేర్లు. మా ఊరు అలా కాదు. భిక్షువులు వెళ్ళిపోయారు, విహారం పాడుపడింది, సంఘం అంటే ఏమిటో ఆరామం అంటే ఏమిటో చెప్పే నాథుడు లేడు. అయినా దున్నేవాళ్ళు, మేపేవాళ్ళు, చదువూ సంధ్యా లేని ఆడవాళ్ళు తరం తరవాత తరం ఆ మాటని నోట్లో పెట్టుకుని దాటించారు. ఒత్తులు పోయాయి, అక్షరాలు అరిగాయి, బుద్ధుడు రాక్షసుడు కూడా అయ్యాడు. మాట మాత్రం పారేయలేదు. తవ్వకాలు జరిగే నాటికి ఆ కొండ పక్కన ఆ పేరు పట్టుకుని ఒక ఊరుంది. అర్థం తెలియకుండానే వెయ్యేళ్ళు పేరు కాపాడిన వాళ్ళు మా వాళ్ళు. అర్థం తెలిశాక వాళ్ళనే తిట్టినవాణ్ణి నేను. తెలియక మునుపు కాలేజీలో ఒక్క నవ్వుకి దాన్ని వదిలేసినవాణ్ణీ నేనే. నాన్న ఆ కార్డుల మీద రాసింది ఏమిటో, ఎందుకు రాశాడో ఆ వెన్నెల్లో నిలబడి తెలుసుకునేసరికి పదిహేనేళ్ళు పట్టింది.

మర్నాడు ఆ కుర్రాడి ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ ముందు వాడికి సారీ చెప్పాను. వాణ్ణి కొండ మీదికి తీసుకెళ్ళి అన్నీ చూపించాను. వాడు ఒక్కటే అడిగాడు, "మరి రాయి కొట్టినప్పుడు ఆయనకి నొప్పెట్టిందేటి?" అని. వాడికి చెప్పడానికి నా పుస్తకాల్లో ఏమీ దొరకలేదు.

2013లో అనకాపల్లి మున్సిపాలిటీని విశాఖపట్నం కార్పొరేషన్లో కలిపారు. నాతో కాలేజీలో చదువుకున్న టౌను స్నేహితుడొకడు నెహ్రూ చౌక్‌లో టీ తాగుతూ గొంతు పూడిపోయి మాట్లాడాడు. "మనకి చైర్మన్ లేడురా ఇక. మనం ఒక జోన్. అనకాపల్లి అంటే విశాఖలో ఒక వార్డంట." శంకరం అంటే ఎవరాయన అని ఆనాడు వెనక బెంచీలోంచి అడిగింది వాడే. అది వాడికి గుర్తు లేదు. గుర్తు చేయబుద్ధి కాలేదు. ఊరి పేరు పెద్ద పేరులో కలిసిపోతుంటే గొంతులో ఏం అడ్డుపడుతుందో నాకు తెలుసు, ఎందుకంటే నా చేతులతో నేనే ఆ పని చేశాను. వాడి భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయింది. పొద్దున్నే వాడు ఫోన్ చేసి ఆనందంతో కేకలు వేశాడు. జిల్లా కేంద్రమైన ఆ రోజున కూడా టౌను పారిశుద్ధ్యం చూసేది విశాఖ కార్పొరేషనే. అయినా పేరు తిరిగొచ్చింది కదా అన్నాడు. నేనూ సంతోషించాను, మనస్ఫూర్తిగా. నాన్న ఉంటే బాగుండుననుకున్నాను. ఆయన 2009లోనే పోయాడు. మామ్మ అంతకు రెండేళ్ళు ముందు.

మా ఊరి చుట్టూ ఇప్పుడు చెరుకు తగ్గి లేఅవుట్లు పెరుగుతున్నాయి. బోర్డుల మీద అనకాపల్లికి ఇన్ని నిమిషాలు, విశాఖకి ఇన్ని నిమిషాలు అని రాస్తారు. నిలబడ్డ నేల పేరు మాత్రం రాయరు. కోప్పడను. నేను రాయించిన శుభలేఖ అలాంటిదే కదా.

మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం. పోయిన దసరాకి వాడి దగ్గర పది రోజులున్నాను. ఒక సాయంత్రం లిఫ్ట్ కోసం నిలబడితే పక్క ఫ్లాట్ ఆయన, "ఏ ఊరండీ మీది?" అని నన్నే అడిగారు. నేను నోరు తెరిచేలోపు, "వైజాగ్ అంకుల్" అన్నాడు మా వాడు. వాడు పుట్టింది విశాఖపట్నంలోనే. అబద్ధం చెప్పలేదు. ఆయన మూడో అంతస్తులో దిగిపోయారు.

మాది తొమ్మిది. ఆ కాస్త సేపట్లో వాడికి శుభలేఖల సంగతి చెప్పాను. స్టేషన్లో దిగి తిరిగిన ముసలి దంపతుల సంగతీ చెప్పాను. మేనత్త పెళ్ళి గురించి ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పని సంగతులు. తలుపు తెరుచుకుంది గాని వాడు బయటికి అడుగు పెట్టలేదు.

"తాతయ్య ఎలా రాసేవాడు నాన్నా?" అని అడిగాడు.

లిఫ్ట్ స్టీలు గోడ మీద వేలితో రాశాడు, శంకరం అని. వేలి చెమటకి అక్షరాలు మసగ్గా కనిపించాయి.

"సున్నా ఇంకా పెద్దది" అన్నాను.

చేత్తో తుడిచి మళ్ళీ రాశాడు.